పెట్టె మీద 1600 ఎక్స్, తెర మీద తెల్ల మచ్చ: బంగారు నమూనాల కోసం ఒక డిజిటల్ మైక్రోస్కోప్ ఎంచుకున్న కేసు

ఈ కేసు ఒక తెల్ల మచ్చతో మొదలైంది.

ఖనిజ నమూనాలు గుర్తించడం, శుభ్రం చేయడం, లేబుళ్లు రాయడం నా పని. రిటైరైన సైన్స్ మాస్టారొకరు ఏడు నమూనాలున్న అట్టపెట్టె, ల్యాప్‌టాప్, కొత్తగా కొన్న యూఎస్‌బీ మైక్రోస్కోప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. తెర మీద ఒక ఫొటో చూపించారు. పలుగురాయి పగులులో తళతళలాడే తెల్లటి మచ్చ.

"బాబూ, మామూలు కంటికి ఇది పసుప్పచ్చగా ఉంటుంది. ఈ యంత్రం కింద పెడితే వెండిలా తెల్లగా వస్తోంది. దేన్ని నమ్మాలి?"

"కంటినే నమ్మండి మాస్టారూ. ముందు ఆ కెమెరా వెలుగును తనంతట తాను సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్ ఆపేద్దాం" అన్నాను.

సెట్టింగుల్లో ఎక్స్‌పోజర్‌ను చేత్తో తగ్గించుకుంటూ వచ్చాం. తెల్ల మచ్చ మెల్లగా లేత పసుపైంది, తర్వాత చక్కటి పసిడి రంగుకు వచ్చింది. జరిగింది ఇదీ: ఫ్రేములో ఎక్కువ భాగం మసక రాయి, బంగారం ఉన్నది ఆవగింజంత. కెమెరా మొత్తం దృశ్యానికి సరాసరి కట్టి, రాయి బాగా కనబడేలా వెలుగు పెంచేసింది. బంగారం ఎరుపు, పసుపు కాంతిని చాలావరకు వెనక్కి పంపిస్తుంది, నీలాన్ని మాత్రం సగానికి పైగా మింగేస్తుంది. దాని రంగంతా ఆ తేడాలోనే ఉంది. వెలుగు ఎక్కువై మూడు రంగులూ సెన్సర్‌లో అంచుదాకా నిండిపోతే ఆ తేడా తుడిచిపెట్టుకుపోతుంది, మిగిలేది తెలుపు. ఇలా తెల్లబడ్డ బంగారాన్ని ఆర్సెనోపైరైట్ (వెండిలా తెల్లగా మెరిసే ఆర్సెనిక్ ఖనిజం) అని పక్కన పడేసినవాళ్లను నేను చూశాను.

ఆ సమస్య రెండు నిమిషాల్లో తీరింది. కానీ మాస్టారి అసలు ప్రశ్న వేరు. "ఇది సరిపోతుందా, ఇంకోటి కొనాలా? కొంటే ఎన్ని ఎక్స్‌ది కొనాలి?"

ఎన్ని ఎక్స్, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపాలి అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమని చెప్పి, ఆయన ఏం చేయాలనుకుంటున్నారో అడిగాను. మూడు సంగతులు తేలాయి. మెరిసేది బంగారమా కాదా తేల్చుకోవాలి, అంటే సూది మొనతో నొక్కి చూడాలి, మైక్రోస్కోప్ కింద సూది ఆడే చోటుండాలి. కొలతతో సహా ఫొటో తీసి రికార్డులో పెట్టుకోవాలి. మూడోది ఆయన చివర్లో, కాస్త మొహమాటంగా చెప్పారు: మెడ నొప్పి ఉంది, పది నిమిషాలకు మించి తల వంచి కూర్చోలేరు. నా దృష్టిలో ఎంపికను మలుపు తిప్పింది ఈ మూడోదే. ఎవరైనా పరికరం గురించి అడిగితే వారి ఒంటి సంగతి కూడా అడగడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

ఇక ఆయన పరికరం పెట్టె మీద రాసిన 1600 ఎక్స్. డిజిటల్ మైక్రోస్కోప్‌కు దాని సొంత మాగ్నిఫికేషన్ అంటూ స్థిరంగా ఉండదు. తెర వెడల్పును, ఆ తెరలో పట్టిన నమూనా వెడల్పుతో భాగిస్తే వచ్చేదే అది. నా మానిటర్ వెడల్పు 53 సెంటీమీటర్లు. గాజు మీద 1 మిల్లీమీటరును 100 భాగాలుగా గీసిన స్టేజ్ మైక్రోమీటర్‌ను మాస్టారి పరికరం కింద పెట్టాం. లెన్సు గొట్టం గాజును దాదాపు తాకేంత దగ్గరికి తెస్తే తెరలో పట్టింది 1.6 మిల్లీమీటర్లు. 530ని 1.6తో భాగిస్తే సుమారు 330. అదే తెర మీద 1600 రావాలంటే మొత్తం దృశ్యం 0.33 మిల్లీమీటర్లలో ఇమడాలి. ఆ లెన్సు అలా చూపించలేదు. అదే బొమ్మను సినిమా తెర మీద వేస్తే వేల ఎక్స్ అని రాసుకోవచ్చు, కొత్తగా కనబడేది మాత్రం ఏమీ ఉండదు.

కొత్తగా ఏమైనా కనబడుతోందా అన్నది తేల్చేది విభేదన శక్తి. పక్కపక్కనున్న రెండు గీతలను విడివిడిగా ఎంత సన్నం దాకా చూపగలదు అన్నమాట. అది లెన్సు న్యూమరికల్ అపర్చర్ (లెన్సు ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని పట్టగలదో చెప్పే అంకె) మీద ఆధారపడుతుంది: కాంతి తరంగదైర్ఘ్యాన్ని 0.61తో గుణించి అపర్చర్‌తో భాగించాలి. ఆకుపచ్చ కాంతికి, 0.1 అపర్చర్ ఉన్న మంచి లెన్సుకు అది 3.4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. మాస్టారి పరికరంలో 10 మైక్రాన్ల దూరంలో ఉన్న గీతలే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. పైగా అది 5 మెగాపిక్సెల్ అని రాసుకుంది. అదే గీతలను 640 పిక్సెళ్ల వెడల్పుతో ఒకసారి, 5 మెగాపిక్సెళ్లతో ఒకసారి తీసి, రెండూ ఒకే సైజుకు పెంచి పక్కపక్కన పెట్టాం. ఏ తేడా లేదు. సెన్సర్ చిన్నదే, మిగతా పిక్సెళ్లు సాఫ్ట్‌వేర్ మధ్యలో పూరించినవి. కొనేముందు ఎవరైనా సరే ఈ పరీక్ష చేసి చూడొచ్చు. స్టేజ్ మైక్రోమీటర్ లేకపోతే కరెన్సీ నోటు మీది సన్నగీతలైనా పనికొస్తాయి.

ఇంతకీ మాస్టారికి అంత సన్నం అవసరమా? ఆయన నమూనాల్లో చూడాల్సిన బంగారు రేణువులు ఎక్కువగా 0.1 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉన్నవి. 10 ఎక్స్ జేబు భూతద్దంతో కూడా కనబడే సైజు. కావలసిందల్లా వాటి ఉపరితలాన్ని, అంచులను, చుట్టూ ఉన్న రాయితో అవి ఎలా కలిశాయో చూడగలగడం. దానికి తెర మీద 30 నుంచి 200 ఎక్స్ చాలు. ఆ పరిధిలో చేతులు ఆడే చోటు ఎంత, వెలుగు ఎలా పడుతోంది, స్టాండు కదులుతోందా అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

నా దగ్గర ఉన్నవి, తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చినవి కలిపి నాలుగు రకాలు ఆ ఏడు నమూనాల మీదే పెట్టి చూశాం. మొదటిది మాస్టారిదే. దగ్గరి చూపుకు లెన్సును నమూనాకు ఆనించాల్సి రావడంతో సూది దూర్చే సందే లేదు. వంచుకునే మెడ స్టాండు ఊపిరి తగిలినా ఊగుతోంది. రెండోది చేతిలో పట్టుకునే మేలురకం యూఎస్‌బీ పరికరం, లోపలే తిప్పుకునే పోలరైజర్ (ఒక్క దిక్కున కంపించే కాంతినే వదిలే పలక) ఉన్నది. బొమ్మ నాణ్యత బాగుంది, కొలతల సాఫ్ట్‌వేర్ కూడా బాగుంది. ప్రయాణాల్లో, రాళ్లు చూసే చోట ఇదే నా ఎంపిక. బల్ల మీద సూదితో పని చేస్తుంటే మాత్రం చెయ్యి కదలడానికీ తెర మీద సూది కదలడానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంది. దానికి అలవాటు పడటం మాస్టారికి కష్టమైంది.

మూడోది ట్రైనాక్యులర్ స్టీరియో మైక్రోస్కోప్: రెండు కళ్లతో చూసే కటకాలు, పైన కెమెరాకు మూడో గొట్టం. ఆబ్జెక్టివ్ (నమూనా వైపు లెన్సు) 0.7 నుంచి 4.5 దాకా జూమ్, నమూనాకూ లెన్సుకూ మధ్య సుమారు 100 మిల్లీమీటర్ల ఖాళీ. దాన్లోంచి చూసిన మాస్టారు చాలాసేపు తల ఎత్తలేదు. పలుగురాయి లోపలి పగుళ్లు లోయల్లా, బంగారం వాటిలో పాకిన వేరులా లోతుతో సహా కనబడుతుంది. ఆ లోతును తెర ఇవ్వదు. ఎవరి మెడ బాగున్నా నేను ఇదే చెబుతాను, ఇప్పటికీ నా బల్ల మీద ఉన్నది ఇదే. మాస్టారు లేచి మెడ పట్టుకున్నాక ఆ మాట ఎత్తలేదు.

నాలుగోది ఆ రెండింటి మధ్య దారి. అదే 0.7–4.5 జూమ్ లెన్సు, కాకపోతే ఒంటి గొట్టం. దానిపైన సీ-మౌంట్‌తో హెచ్‌డీఎమ్‌ఐ కెమెరా నేరుగా మానిటర్‌కు. సీ-మౌంట్ అన్నది 1 అంగుళం వ్యాసం, అంగుళానికి 32 మరల ప్రామాణిక పద్ధతి కాబట్టి రేపు కెమెరా పాతబడితే లెన్సు ఉంచుకుని కెమెరా ఒక్కటే మార్చుకోవచ్చు. సెన్సర్ వెడల్పు 5.6 మిల్లీమీటర్లు, మధ్యలో 0.5 తగ్గింపు అడాప్టర్. లెక్క వేస్తే జూమ్ పూర్తిగా తగ్గించినప్పుడు తెరలో పట్టేది 16 మిల్లీమీటర్లు, పూర్తిగా పెంచినప్పుడు 2.5 మిల్లీమీటర్లు. నా మానిటర్ మీద అది 33 నుంచి 212 ఎక్స్. సరిగ్గా మాకు కావలసిన మేర. సూది కదలిక, తెర మీది కదలిక వెంటవెంటనే జరుగుతున్నాయి.

లోతు లేని లోటును ఎలా పూడ్చుకోవాలో ఆయనకు ఒక ఉపాయం చూపించాను. ఒకే దీపాన్ని పక్కనుంచి వేస్తే సూదికి నీడ పడుతుంది. సూదిని దించుతూ ఉంటే మొన, నీడ మొన ఒకదానివైపు ఒకటి వస్తాయి. రెండూ కలిసిన చోట సూది రాయిని తాకినట్టు. అరగంటలో మాస్టారికి చెయ్యి కుదిరింది.

ఇక వెలుగు. ఈ కేసులో నా సమయం ఎక్కువగా తిన్నదీ, నేను పొరపాటు పడ్డదీ ఇక్కడే.

లెన్సు చుట్టూ ఉంగరంలా అమర్చిన ఎల్‌ఈడీలు బంగారానికి అస్సలు పడవు. ఎనిమిది దీపాలుంటే ఎనిమిది తెల్ల చుక్కలు లోహం మీద ప్రతిఫలిస్తాయి, మిగతాదంతా చీకటి. ఆ మెరుపు తీసేద్దామని దీపం ముందు ఒక పోలరైజర్, లెన్సు ముందు ఇంకొకటి అడ్డంగా తిప్పి పెట్టాను. పలుగురాయి మీది మెరుపు పోయి లోపలి రంగు అద్భుతంగా వచ్చింది. బంగారం ఉండాల్సిన చోట మాత్రం ముదురు గోధుమ మచ్చలు! కంకర ఇసుక నమూనాలో మూడు రేణువులను ఇనుప ఆక్సైడ్ అని నేను నోట్సులో రాసేశాను కూడా. మర్నాడు మామూలు దీపం కింద చూస్తే అవి మూడూ పసిడి.

కారణం ఇదీ. పలుగురాయి లాంటి పారదర్శక ఖనిజాల్లోకి వెళ్లిన కాంతి లోపల చెదిరి, దిక్కు కోల్పోయి బయటికి వస్తుంది, అందుకే రెండో పోలరైజర్‌ను దాటగలుగుతుంది. లోహంలోకి కాంతి దూరదు. దాని నుంచి వచ్చేదంతా పైపొర ప్రతిబింబమే, అదే సరిగ్గా ఆ పోలరైజర్లు ఆపేసేది. మెరుపు తీసేస్తే బంగారానికి ఇక మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి పోలరైజర్ ఉంటే మంచిదే, కానీ తిప్పి సగం వరకు వదలగలిగేదై ఉండాలి. స్థిరంగా బిగించినది వద్దని ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను.

బంగారానికి పనికొచ్చింది ట్రేసింగ్ పేపరు. నమూనా చుట్టూ దాన్ని గొట్టంలా చుట్టి, బయట రెండు పక్కలా దీపాలు పెట్టాం. కాగితమంతా వెలిగి, ఆ వెలుగు లోహం మీద పరుచుకుంది. రేణువుల మీద చిన్నచిన్న మెట్లు, అష్టముఖి ముఖాల మీద త్రిభుజాకారపు గుర్తులు, పలుగు స్ఫటికం అంచు నొక్కిన ముద్ర కూడా కనబడ్డాయి. ఈ ముద్రలు నాకు చాలా ఇష్టమైనవి, ఎందుకంటే బంగారం ఆ రాతిలోనే పెరిగిందనడానికి బలమైన ఆనవాలు అవే.

రంగు చూడటానికి ఇలా పరిచిన వెలుగు, ఆకారం చూడటానికి ఒకే పక్క దీపం, రెండూ కావాలి. ఒంటి దీపం కింద నమూనాను మెల్లగా తిప్పితే పైరైట్ (బంగారంలా కనబడే ఇనుప సల్ఫైడు) ముఖాలు ఒక కోణంలో భగ్గుమని, ఇంకో కోణంలో ఆరిపోతాయి. బంగారం ఎటు తిప్పినా, నీడలోకి పోయినా పసుపు పసుపే. పైరైట్ ఘనాల ముఖాల మీద సమాంతర గీతలు కూడా ఏటవాలు దీపం కిందే లేస్తాయి. అందుకే దీపం విడిగా ఉండే పరికరాన్నే ఎంచుకున్నాం.

ఇంకో మాట, వైట్ బ్యాలెన్స్. ఫ్రేమంతా బంగారం నిండితే ఆటోమేటిక్ సర్దుబాటు పసుపును తప్పనుకుని నీలం కలుపుతుంది, వన్నె తగ్గినట్టు కనబడుతుంది. బూడిదరంగు కార్డు మీద సరిచేసి తాళం వేయాలి. అలా చేసినా ఫొటో రంగు చూసి వెండి శాతం ఇంత అని నేను చెప్పను. ఆ పని గీటురాయికో, ఇతర విశ్లేషణకో వదిలేయాలి.

కుదిరిన అమరికతో ఏడు నమూనాలూ వరుసగా చూశాం. తెల్ల మచ్చ వచ్చిన పలుగురాయిది బంగారమే. కనబడని మూల సూది మొనతో మెల్లగా నొక్కితే గుంట పడింది, పొడి రాలలేదు. బంగారం కాఠిన్యం మోస్ కొలతలో 2.5–3, సాగే గుణం దాని సొంతం. రెండోది 6–6.5 కాఠిన్యమున్న పైరైట్, సూది జారిపోయింది. మూడోది నెమలి రంగులు తేలిన చాల్కోపైరైట్, నొక్కితే ఆకుపచ్చ కలిసిన నల్లటి పొడిగా చిట్లింది. నాలుగోది మాస్టారు ఏళ్లుగా సీసాలో దాచుకున్న వాగు ఇసుక. అందులో మెరిసేది వాతావరణానికి రంగు మారిన నల్ల అభ్రకం, అచ్చమైన కాకిబంగారం. సూది తగలగానే రేకులు రేకులుగా విడిపోయింది. ఆయన ఏమీ అనలేదు, సీసా మూత బిగించి పక్కన పెట్టుకున్నారు.

ఐదోది కష్టమైన సంగతి. పలుగురాయి మీద కూర్చున్న బఠాణీ గింజంత బంగారం, ఎవరి దగ్గరో కొన్నది. బంగారం నిజమైనదే. కానీ అది రాయిని కలిసే అంచులో సన్నటి పారదర్శకమైన గీత, అందులో గుండ్రటి గాలి బుడగలు రెండు. దీపాలు ఆర్పి 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే ఆ గీత ఒక్కటే నీలి తెలుపులో వెలిగింది. కాల్సైట్ లాంటి ఖనిజాలు కూడా యూవీ కింద వెలగవచ్చు కనుక ఆ ఒక్క వెలుగునే సాక్ష్యంగా తీసుకోను. బుడగలు, సాఫీగా పారిన అంచు, బంగారం మీద పలుగు ముద్రలు లేకపోవడం అన్నీ కలిపి చూస్తే అది జిగురుతో అతికించినదే. ఈ మాట ఆయనకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు, అయినా చెప్పక తప్పదు. "రాయి, బంగారం రెండూ నిజమే మాస్టారూ, వాటి పెళ్లి మాత్రం నిజం కాదు" అన్నాను. ఆయన ఆ ఫొటో తనకు కావాలన్నారు, లేబుల్‌తో పాటు ఉంచడానికి.

ఆరోది కంకర ఇసుక కడిగి తీసిన నల్ల ఇసుక, నేను మూడు రేణువులను తప్పుగా రాసింది దీనిలోనే. అయస్కాంతంతో మాగ్నటైట్ తీసేశాక పద్నాలుగు పసిడి రేణువులు లెక్కకు వచ్చాయి. మాస్టారు బరువు అడిగారు. 100 మైక్రాన్ల గుండ్రటి బంగారు రేణువు బరువు సుమారు 10 మైక్రోగ్రాములు, అలాంటివి లక్ష చేరితే గాని గ్రాము కాదు. నిజం రేణువులు రేకుల్లా ఉంటాయి కాబట్టి ఇంకా తక్కువే తూగుతాయి.

ఏడోది బూడిదరంగు సల్ఫైడు రాయి. బంగారం ఉందని చెప్పి ఆయనకు ఎవరో ఇచ్చారు. గంటసేపు వెతికాం, ఆర్సెనోపైరైట్ కనబడింది గాని పసుపన్నది కనబడలేదు. ఇలాంటి రాళ్లలో బంగారం కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చిన్న కణాలుగా, లేదా స్ఫటికం నిర్మాణంలోనే కలిసిపోయి ఉండొచ్చు. అమెరికాలోని నెవాడాలో కార్లిన్ తరహా గనుల బంగారం చాలావరకు పైరైట్‌లో ఇలాగే దాగి ఉంటుంది. దాన్ని ఏ కాంతి మైక్రోస్కోప్ కూడా చూపించలేదు, పెట్టె మీద ఎంత అంకె వేసినా సరే. రాయిలో ఒక ముక్కను ఫైర్ ఎస్సేకి (రాయిని కరిగించి అందులో బంగారం ఎంతుందో కొలిచే పరీక్ష) పంపమన్నాను.

కొన్నది నాలుగో రకమే. మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్టాండు బరువైన దిమ్మ మీద అడ్డచేయి ఉన్నది తీసుకున్నాం, పెద్ద రాళ్లు కిందికి దూరేలా. 2.5 మిల్లీమీటర్ల చూపులో నమూనా 0.1 మిల్లీమీటరు కదిలితే తెర మీద 2 సెంటీమీటర్లు కదిలినట్టు, అందుకే స్టాండు మీద పొదుపు చేయొద్దన్నాను. కెమెరా యూఎస్‌బీలో యూవీసీ (యూఎస్‌బీ వీడియో క్లాస్) పద్ధతిని కూడా పాటిస్తుందో లేదో చూశాం, విడి డ్రైవర్ లేకుండా కంప్యూటర్‌కు తగిలించుకోవడానికి. జూమ్‌కు ప్రతి ప్రధాన గుర్తు దగ్గర తట్టుకుని ఆగే ఏర్పాటు ఉన్నది ఎంచుకున్నాం. ఆ ఆగే చోట్లలో ఒక్కోదానికి స్టేజ్ మైక్రోమీటర్‌తో కొలత సరిచేసి పెట్టుకుంటే తర్వాత ఫొటోల్లో స్కేలు గీత నమ్మకంగా ఉంటుంది.

పూర్తి జూమ్‌లో ఒకేసారి స్పష్టంగా ఉండే మందం మిల్లీమీటరులో పదో వంతుకు లోపే. ఎగుడుదిగుడు నమూనాకు ఒక్క ఫొటో చాలదు. ఫోకస్ నాబ్‌ను 50 మైక్రాన్ల చొప్పున తిప్పుతూ 1.5 మిల్లీమీటర్ల ఎత్తుకు 30 ఫొటోలు తీసి, హెలికాన్ ఫోకస్ లేదా జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలపడం నేర్పాను. సన్నని నాబ్ లేని స్టాండుతో ఈ పని కుదరదు, కొనేటప్పుడు చాలామంది చూడని సంగతి ఇది.

నాలుగు నెలల తర్వాత వెళ్లి చూశాను. మానిటర్ కంటి ఎత్తులో ఉంది, మాస్టారు వీపు ఆనించుకుని కూర్చుని పని చేస్తున్నారు. ప్రతి లేబుల్ వెనక చూపు వెడల్పు, దీపం ఏ పక్క, సూదికి ఏం జరిగింది అని మూడు వరుసలు రాస్తున్నారు. ఒక్క లోటు మిగిలింది: తీగల్లా పెనవేసుకున్న బంగారం నమూనాలో ఏ తీగ ముందు, ఏది వెనక అని తెర మీద తేల్చుకోలేక, అది చూడటానికి నా స్టీరియో దగ్గరికి పది నిమిషాలు వచ్చి వెళ్తున్నారు.

బూడిద రాయి పరీక్ష ఫలితం ఆ వారమే వచ్చింది. బంగారం ఉంది. లేబుల్ మీద ఆయన ముందు రాసుకున్న "పసుపు ఏమీ కనబడలేదు, చూపు 2.5 మి.మీ." అన్న వాక్యాన్ని కొట్టేయకుండా, దాని కింద ఫలితాన్ని తేదీతో సహా చేర్చారు.